కిటికీ కింద బయాలజీ సార్

కిటికీ కింద ఎవరో ఉన్నారు.

ప్రమీలకు ముందుగా కనిపించింది జుట్టు. నూనె రాసి పాపిడి తీసి దువ్విన నల్లటి జుట్టు. ఆ తర్వాత ఒక పెన్ను కొన. ఆమె మాట్లాడితే ఆ పెన్ను కదులుతోంది, ఆమె ఆగితే ఆగుతోంది.

ఎనిమిదో తరగతి గదిలో ముప్పై ఒక్క మంది ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. తలుపు గడియ పెట్టి ఉంది. మూడు కిటికీల రెక్కలు మూసి ఉన్నాయి. నాలుగో కిటికీకి రెక్కే లేదు. సరిగ్గా దాని కిందే ఉంది ఆ జుట్టు.

"నెలసరి అంటే జబ్బు కాదు, తప్పు కాదు, మైల కాదు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. ఒకరికి ముందు, ఒకరికి వెనక. పక్కింటి పిల్లతో పోల్చుకుని బెంగపడొద్దు..." అని చెబుతూనే ప్రమీల పిల్లిలా నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది.

పెన్ను జోరుగా కదులుతోంది.

"ఎవరండీ అది?"

పెన్ను ఆగిపోయింది. జుట్టు మెల్లగా పైకి లేచింది. దాని వెంట ఇరవై ఎనిమిదేళ్ల ముఖం ఒకటి లేచింది. ఆ ముఖం నిండా నవ్వు, చేతిలో నోట్‌బుక్.

"నేనే మేడమ్. నగేష్. బయాలజీ."

"బయాలజీ అయితే కిటికీ కింద ఏం పని?"

"నీడకు కూసున్న మేడమ్."

ప్రమీల ఆకాశం వంక చూసింది. పొద్దున్నుంచి ముసురు పట్టి ఉంది. ఎండ ముఖం చూసి మూడు రోజులైంది. వెనక పిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు.

"నీడ ఊరంతా ఉంది కదండీ. కాస్త అవతలికి వెళ్లి కూర్చోండి."

అతను నాలుగడుగులు వేశాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు. "మేడమ్, పదహారు అన్నరా, పదిహేను అన్నరా?"

ప్రమీల సంచిలోంచి గుడ్డ చార్టు ఒకటి తీసి ఆ కిటికీకి అడ్డంగా కట్టేసింది.

ప్రమీలది కోదాడ. సూర్యాపేటలో, జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసులో కాంట్రాక్టు కౌన్సెలర్. వారానికి నాలుగు రోజులు బళ్లు తిరిగి, ఎదిగే వయసు పిల్లలకు ఒంట్లో వచ్చే మార్పుల గురించి చెప్పడం ఆమె పని. గరిడేపల్లి మండలంలోని ఈ హైస్కూలుకు ఆరు బుధవారాలు రావాలి. ఇది మొదటి బుధవారం.

ఎవరినీ ఓ పట్టాన నమ్మని మనిషి అని ఆఫీసులో ఆమెకు పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. రెండేళ్ల క్రితం ఆమెకు పెళ్లి కుదిరింది. నిశ్చితార్థం రోజు పెళ్లికొడుకు చక్కగా నవ్వుతూ, "మీరు చాలా మంచి పని చేస్తున్నారండీ" అన్నాడు. పదిహేను రోజులు తిరక్కుండా పెద్దమనుషులతో కబురంపాడు: "నలుగురిలో అలాంటి మాటలు మాట్లాడే పిల్లంటే మాకు తలవంపులు. ఆ పని మానేస్తేనే పెళ్లి." పెళ్లి ఆగింది. పని ఆగలేదు.

"నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదంటారు గానీ, నన్నడిగితే నవ్వే మగాణ్ణే అస్సలు నమ్మకూడదే అమ్మాయ్" అని ఆ రోజే తేల్చేసింది వాళ్లమ్మ కృష్ణమ్మ. ఆమె కోదాడలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో కూతుర్ని పెంచిన మనిషి. ఆమె మాట ప్రమీలకు వేదవాక్కు కాదు గానీ, బైబిలు తర్వాత అంతటిది.

ఈ బయాలజీ సారేమో నవ్వకుండా ఉండనే ఉండడు.

క్లాసయ్యాక స్టాఫ్‌రూమ్‌లో అతనే చాయ్ తెచ్చి ముందు పెట్టాడు.

"ఆ నోట్‌బుక్ ఓసారి చూపిస్తారా?" అంది ప్రమీల.

అతను నోట్‌బుక్ వీపు వెనక దాచాడు. "అది నా పర్సనల్ మేడమ్."

"ఆడపిల్లల క్లాసు మీ పర్సనల్ ఎలా అయిందండీ?"

"గట్ల కాదు మేడమ్..." బుర్ర గోక్కున్నాడు. "మళ్ల ఎప్పుడొస్తరు?"

"ఎందుకు?"

"ఊరికెనే."

"ఊరికే అడిగేవాళ్లకు నేను ఊరికే చెప్పను" అని చాయ్ ముట్టుకోకుండానే లేచి వచ్చేసింది.

మరుసటి బుధవారం వచ్చేసరికి నాలుగో కిటికీకి కొత్త చెక్క బిగించి ఉంది. "ఎవరు పెట్టించారు?" అని అటెండర్‌ని అడిగింది.

"నగేష్ సారే మేడమ్. మిర్యాలగూడల కోయించుకొచ్చి సొంతంగ మేకులు కొట్టిండు. బొటనవేలు గూడ పగలగొట్టుకున్నడు."

ప్రమీల ఆ చెక్కకు ఎక్కడైనా కన్నం ఉందేమోనని మూలమూలా తడిమి చూసింది. లేదు. అయినా అనుమానం తీరలేదు. తప్పు లేనివాడు అంత శ్రద్ధగా చెక్కెందుకు కొడతాడు?

సాయంత్రం వాన అందుకుంది. బస్సెక్కే రోడ్డు అక్కడికి కిలోమీటరు. ప్రమీల గొడుగు వేసుకుని నడుస్తుంటే వెనక నుంచి బైక్ వచ్చి పక్కన ఆగింది.

"ఎక్కుండ్రి మేడమ్. రోడ్డు దాక దింపుత."

"వద్దండీ. నడవడం నాకు అలవాటే."

"ఒక్కరు తడుసుకుంట ఎట్ల పోతరు?"

"నాకు గొడుగుంది. తడుస్తోంది మీరు."

నగేష్ ఒక్క క్షణం ఆలోచించి బైక్ దిగాడు. ఇంజన్ ఆపి, బండి నెట్టుకుంటూ ఆమె పక్కనే నడక మొదలుపెట్టాడు.

"ఏంటిది?"

"మీరు నడుస్తుంటే నేను బండి మీద పోతే మంచిగుంటదా మేడమ్?"

రోడ్డుకు రెండు వైపులా నాట్లు పడుతున్నాయి. మోకాలి లోతు బురదలో వంగి ఉన్న ఆడవాళ్లు నడుములెత్తి వీళ్లిద్దరినీ చూశారు. గొడుగు కింద పిల్ల, వానలో బండి నెట్టుకుంటూ సారు. మళ్లీ వంగి ఏదో అనుకుని నవ్వుకున్నారు. ప్రమీల గొడుగు కాస్త కిందికి దించుకుంది. తనకూ నవ్వొస్తోందని అతనికి తెలియకూడదని.

బస్సెక్కి కూర్చున్నాక మాత్రం తనను తాను తిట్టుకుంది. 'నవ్వే మగాడే ప్రమీలా. మర్చిపోకు.'

శుక్రవారం సూర్యాపేట ఆఫీసులో పిడుగు పడింది.

ఆఫీసరు పిలిచి ఫోన్ ముందుకు జరిపాడు. అందులో హెడ్‌మాస్టర్ పంపిన ఒక ఉత్తరం ఫొటో. రూళ్ల కాగితం మీద నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు.

'అయ్యా, కోదాడ మేడమ్ తలుపులు మూసి ఆడపిల్లలకు సిగ్గులేని మాటలు చెప్తున్నది. జబ్బు కాదు, తప్పు కాదు, మైల కాదు అని నేర్పుతున్నది. పక్కింటి పిల్లతో పోల్చుకోవద్దు అని చెప్తున్నది. పిల్లలు పెద్దల మాట వింట లేరు...'

అవి ప్రమీల మాటలే. ముక్క పోకుండా ఉన్నాయి.

"రేపు బడిలో పేరెంట్స్ మీటింగ్ పెట్టమన్నాను. నేనూ వస్తాను" అన్నాడు ఆఫీసరు. "అప్పటిదాకా క్లాసులు బంద్. నీ కాంట్రాక్టు రెన్యువల్ కూడా నెలాఖరుకే ఉంది. జర సంభాళించుకో అమ్మా."

ఆ మాటలు గదిలోని పిల్లలకు తెలుసు. కిటికీ కింది పెన్నుకు తెలుసు. పిల్లలెందుకు రాస్తారు? చెక్క కొట్టడం, చాయ్ ఇవ్వడం, వానలో నడవడం, అన్నీ అందుకేనన్నమాట! ప్రమీల హెడ్‌మాస్టర్‌ని అడిగి నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"నగేష్ గారూ, నేను ప్రమీలని. ఎక్కడున్నారు?"

"మిర్యాలగూడ... బస్టాండ్ కాడ మేడమ్. ఇయ్యాల లీవ్."

"అక్కడే ఉండండి. వస్తున్నాను."

గంటన్నర తర్వాత బస్సు దిగేసరికి మిర్యాలగూడలో వాన దంచికొడుతోంది. రైసు మిల్లుల నుంచి తడిసిన ఊక వాసన వస్తోంది. నగేష్ బస్టాండ్ చూరు కింద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాపిడి కొత్తగా తీసుకున్నాడు. చేతిలో వేడి వేడి మిర్చి బజ్జీల పొట్లం, ముఖంలో ఆ నవ్వు.

"ఇంత వానల నా కోసం వచ్చిన్రా మేడమ్?"

"నోట్‌బుక్ ఇవ్వండి."

నవ్వు సగంలో ఆగింది. "ఏంది?"

"నోట్‌బుక్. ఇప్పుడే. మీ పర్సనల్ ఏమిటో నేను చూడాలి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇక వాదించలేదు. భుజానికున్న బ్యాగులోంచి నోట్‌బుక్ తీసిచ్చాడు.

మొదటి రెండు పేజీల్లో ఆమె మాటలే ఉన్నాయి. మూడో పేజీ పైన 'మగపిల్లలు అడిగినవి' అని రాసి ఉంది. కింద వరసగా ప్రశ్నలు. 'నా గొంతు కప్ప లెక్క అయింది, ఎప్పుడు మంచిగైతది?' 'క్లాసుల నేనొక్కణ్ణే పొట్టి, ఇంక పెరుగుతనా?' 'మీసం రాకుంటే ఏమన్న రోగమా?' 'అక్కకు కడుపునొప్పి వస్తే అమ్మ నన్ను బయటికి పొమ్మంటది, ఎందుకు?' ఒక్కో ప్రశ్న కింద జవాబు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి ఉంది. చివరి ప్రశ్న కింద జవాబు లేదు. 'ఇది ప్రమీల మేడమ్‌ను అడగాలె. ఎట్ల అడగాలె?' అని మాత్రం ఉంది.

ప్రమీల ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"నాలుగేండ్ల సంది సారు ఉద్యోగం చేస్తున్న మేడమ్" అన్నాడు నగేష్, రోడ్డు వైపు చూస్తూ. "ఎనిమిదో తరగతిల ఈ పాఠం వచ్చినప్పుడల్ల 'ఇంటికాడ చదువుకోండ్రి' అని పేజీలు తిప్పిన. మా సారు మాకు గట్లనే తిప్పిండు. ఈసారన్న చెప్పాలె అనుకున్న. చెప్పుడు రాదు. మీరు చెప్తుంటే గింత సులువుగ ఉన్నదా అనిపిచ్చింది."

"మరి నీడకు కూర్చున్నానని అబద్ధమెందుకు?"

"బయాలజీ సారుకు బయాలజీ చెప్పరాదని ముప్పై మంది పిల్లల ముంగట ఎట్ల ఒప్పుకుంట మేడమ్?"

ప్రమీల గుండెలో ఏదో మెత్తబడింది. వెంటనే గట్టి చేసుకుంది. "సరే. అయితే ఇది ఎవరు రాశారు?" అని, ఆఫీసరు తనకు పంపిన ఫొటో తెరిచి ఫోన్ అతని ముందు పెట్టింది.

నగేష్ ఉత్తరం చదివి అడుగున వేలు పెట్టాడు. "ఇది సగమే మేడమ్. కింద 'వెనక చూడండి' అని ఉన్నది, సూడలేదా?"

చూడలేదు. కోపంలో అక్కడిదాకా కళ్లు పోలేదు. నగేష్ హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో రెండో పేజీ ఫొటో వచ్చింది. ఇద్దరూ ఒకే ఫోన్ మీదికి వంగారు.

'...ఆడపిల్లల ముచ్చట్లు ఆ నగేష్ సారు కిటికీ కింద కూసొని రాసుకుంటున్నడు. మేడమ్, సారు ఇద్దరు కూడబలుక్కున్నరు. వానల ఒక్క గొడుగు కింద పోయిన్రు. ఇద్దర్ని పంపించాలె.' దాని కింద వేలిముద్ర. పక్కన, బాలమ్మ అని పేరు.

"ఒక్క గొడుగు కిందనా?" నగేష్ గొంతులో నిజమైన బాధ. "నేను పూర్తిగ తడిసిన గద మేడమ్! మరుసటి రోజు జరం గూడ వచ్చింది!"

ప్రమీలకు నవ్వు ఆగలేదు. బస్టాండ్‌లో జనం తిరిగి చూసేంతగా నవ్వింది. నవ్వు తగ్గాక తల దించుకుంది. "సారీ అండీ. మీరే రాశారనుకుని ఇంత దూరం వచ్చాను."

"ఎందుకొచ్చినా వచ్చిన్రు. బజ్జీ తినుండ్రి, సల్లగైతున్నది."

తింటూ తింటూ నగేష్ మళ్లీ ఫొటో చూశాడు. "వేలిముద్ర బాలమ్మదే గని, రాత మా ఉమది. ఎనిమిదో తరగతి. 'ళ'కు తోక ఇంత పొడుగు ఆ పిల్లే ఇస్తది. నాయనమ్మ చెప్తే రాసి ఉంటది."

"ఉమ పేరు రేపు బయటికి రాకూడదు" అంది ప్రమీల వెంటనే.

"రాదు మేడమ్."

ఇద్దరూ కూడబలుక్కున్నది నిజానికి అప్పుడే.

శనివారం బడి ఆవరణ నిండిపోయింది. నాట్లు మానుకుని వచ్చిన ఆడవాళ్లు ఒక పక్క, తువ్వాళ్లు భుజాన వేసుకున్న మగవాళ్లు ఒక పక్క. అందరి చూపులూ కుర్చీల్లో కూర్చున్న ప్రమీల మీదా నగేష్ మీదా అటూ ఇటూ తిరుగుతున్నాయి. వీళ్లిద్దరూ కుర్చీలు ఎడంగా వేసుకుంటే, కావాలనే ఎడంగా కూర్చున్నారని గుసగుసలు.

బాలమ్మ లేచింది. డెబ్బై ఏళ్లుంటాయి. మనిషి బక్కగా ఉన్నా గొంతు కంచు.

"నా మనుమరాలు మొన్న ఏమన్నదో ఎరుకేనా? 'నాయనమ్మా, నేను మూలకు కూసోను, బడికి పోత' అన్నది. ఎవరు నేర్పిన్రు? ఈ బిడ్డ. సరే, ఆడిది, ఆడోల్ల ముచ్చట చెప్పింది అనుకుంట. గా మగసారు రాసుకునుడేంది? గది అడుగుతున్న!"

"అవు, గదేంది?" అని నాలుగు గొంతులు లేచాయి. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. హెడ్‌మాస్టర్ తన చెప్పుల వంక చూసుకున్నాడు.

నగేష్ లేచాడు. అతని ముఖంలో నవ్వు లేకపోవడం ప్రమీల చూడటం అదే మొదటిసారి.

"నాది తిరుమలగిరి దిక్కు. మా నాయన గొర్లు కాస్తడు" అన్నాడు. "మా చెల్లె సంగీత నాకన్న మంచిగ చదివేది. ఎనిమిదో తరగతిల ఒకనాడు బడికి పోవుడు బంద్ చేసింది. జరమన్నరు. మూడు నెలలైనా ఆ జరం పోలే. నేను పదో తరగతి, నమ్మిన. బడిల ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఏమైందో, ఏం చెయ్యాలెనో చెప్పేటోళ్లు లేరు. మా అమ్మకు భయమైంది, మాన్పిచ్చింది. గంతే. ఇయ్యాల అది ఎండల పత్తి ఏరుతది, నేను ఫ్యాను కింద బయాలజీ చెప్త. అండ్ల గూడ ఈ పాఠం ఎగ్గొట్టిన."

అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"కిటికీ కింద కూసునుడు తప్పే. అడిగి నేర్చుకోవాల్సింది, సిగ్గుపడ్డ. మేడమ్‌కు అసలు తెల్వదు, తెలిసినంక నన్ను వెళ్లగొట్టింది. శిక్ష ఏస్తే నాకెయ్యుండ్రి. ఆమె క్లాసు ఆపకుండ్రి."

ప్రమీల లేచి, "మగవాళ్లంతా కాసేపు వరండాలోకి వెళ్తారా?" అని అడిగింది. గొణుక్కుంటూ వెళ్లారు. ఆఫీసరూ వెళ్లాడు. అందరికన్నా ముందు, అందరికన్నా దూరంగా నగేష్ వెళ్లాడు.

"అమ్మా, నేను పాఠం చెప్పను. ఒక్కటే అడుగుతాను" అంది ప్రమీల. "మీకు మొదటిసారి వచ్చినప్పుడు, అదేమిటో అంతకు ముందు మీకెవరైనా చెప్పారా?"

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి కంచు గొంతే కాస్త తగ్గి పలికింది.

"నాకెవరు చెప్తరు బిడ్డా? పదమూడేండ్లు. నాటుకు పోయిన. మడిలకెల్లి ఒడ్డు మీదికొచ్చి సూస్తే నెత్తురు. జలగ పట్టిందనుకున్న. ఇంటికి పోయి ఉప్పు తీసుకొని రెండు దినాలు కాళ్లకంత రాసుకున్న."

ఒక్కసారిగా ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. బాలమ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎంత కడిగినా ఆగకపాయె. సచ్చిపోతనేమో అనుకున్న. ఎవ్వరికి చెప్పలే."

ప్రమీల వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "మీ ఉమకు ఆ భయం ఉండకూడదనే అవ్వా నేను వస్తోంది. పెద్దల్ని ఎదిరించమని నేను చెప్పలేదు. శుభ్రంగా ఉండమన్నాను, కడుపు నిండా తినమన్నాను, బడి మానొద్దన్నాను."

బాలమ్మ చాలాసేపు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపులో అనుమానం ఇంకా పావువంతు మిగిలే ఉంది.

"సరే, చెప్పు. గని బుధవారం నేను గూడ వచ్చి కూసుంట. ఏం చెప్తవో ఇంట."

చెప్పినట్టే వచ్చింది. వెంట మరో ఆరుగురిని తెచ్చింది. నాలుగో బుధవారానికి ఆడపిల్లల క్లాసులో వెనక వరసంతా అమ్మలూ నాయనమ్మలే. పక్క గదిలో నగేష్ మగపిల్లలకు ఆ పాఠం చెప్పాడు. మొదటి పది నిమిషాలు చెమటతో చొక్కా తడిసింది. పదకొండో నిమిషంలో ఒక కప్ప గొంతు లేచి ప్రశ్న అడిగింది, అందరూ నవ్వారు, ఆ తర్వాత గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ప్రమీల కాంట్రాక్టు రెన్యువల్ అయింది. ఆరో బుధవారం వచ్చింది. అదే ఆఖరిది. ఆ సాయంత్రం ఇద్దరూ రోడ్డు దాకా నడిచారు. ఈసారి వాన లేదు, బైక్ బడి దగ్గరే ఉంది. నాటేసిన మళ్లన్నీ పచ్చగా తేరుకున్నాయి.

"మేడమ్, వంకరటింకర మాట్లాడుడు నాకు రాదు" అన్నాడు నగేష్. "మీరంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందామా?"

ప్రమీల ఆగిపోయింది. గుండె ఒకటి అంటోంది, బుర్ర ఇంకొకటి. గెలిచింది బుర్రే.

"మీ ఇంట్లో నా పని గురించి చెప్పారా?"

"చెప్పిన."

"ఏమని?"

"దవాఖాన పని అని."

"చూశారా!" ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "ఏ పనో చెప్పలేదు."

"దవాఖాననే గద మేడమ్..."

"మంచి పని అని నవ్వుతూ చెప్పి, తర్వాత మానెయ్యమన్నవాళ్లను నేను చూశాను నగేష్ గారూ. మీ అమ్మగారిని కోదాడ తీసుకురండి. నా పనేంటో నేనే చెప్తాను. మీ మాటకు నా జవాబు ఆ తర్వాతే."

విషయం తెలిసి కృష్ణమ్మ నోరు నొక్కుకుంది. "వాళ్లు గొర్లు కాసుకునేవాళ్లు, ఎల్లమ్మకు మొక్కేవాళ్లు. మనం చర్చికి వెళ్లేవాళ్లం. పైగా నవ్వే మగాడంటున్నావు!"

"ఏడవడం కూడా వచ్చమ్మా. చూశాను."

"అయితే ఇంకా ప్రమాదం" అంది కృష్ణమ్మ.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చేసరికి వాళ్లు వాకిట్లో ఉన్నారు. భుజాన గొంగడితో నగేష్ తండ్రి పరశురాములు, ముదురాకుపచ్చ చీరలో తల్లి లక్ష్మీనర్సమ్మ, వెనక నగేష్. కృష్ణమ్మ చాయ్ ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేలోపే నగేష్‌ను పద్నాలుగు ప్రశ్నలు అడిగింది. తాగుతావా, ఎవరికైనా బాకీ ఉన్నావా, అన్నం వండటం వచ్చా, ఎందుకు అస్తమానం నవ్వుతావు.

చివరిదానికి అతను నవ్వాడు.

లక్ష్మీనర్సమ్మ మాత్రం వచ్చినప్పటి నుంచి ప్రమీలనే చూస్తోంది. ఆ చూపు ఏమిటో అంతుపట్టడం లేదు. ప్రమీల ఇక ఆగదలుచుకోలేదు.

"అమ్మా, నా పనేంటో మీకు తెలియాలి" అని మొదలుపెట్టింది. మగవాళ్లున్నారని మాట తగ్గించలేదు. ఆడపిల్లలకు ఏం చెబుతుందో, ఎందుకు చెబుతుందో, అంతా చెప్పింది. "పెళ్లయినా ఈ పని మానను" అని ముగించింది.

పరశురాములు గొంగడి సర్దుకుని గోడ మీది క్యాలెండర్ చదవసాగాడు. లక్ష్మీనర్సమ్మ లేచింది.

"బిడ్డా, జర లోపలికి రా."

వంటింట్లోకి వెళ్లాక ఆమె తలుపు దగ్గరికి వేసింది. అయిపోయింది అనుకుంది ప్రమీల. 'మంచి పిల్లవే గానీ' అని మొదలుపెడుతుంది. దానికి ఏం చెప్పాలో మనసులో వరస పెట్టుకుంది.

లక్ష్మీనర్సమ్మ పీట మీద కూర్చుంది.

"నీ పని ఏందో బస్సుల మా నగేష్ అంత చెప్పిండు. ముందుగాల భయపడి చెప్పలేదంట. అది విన్నంకనే, ఎట్లన్న నిన్ను కలువాలె అనుకున్న" అంది చిన్నగా. "నాకు నలబై తొమ్మిదేండ్లు. ఏడాది సంది నెలలు ఆగిపోయినయి. ఉన్నట్టుండి ఒళ్లంత పొయ్యి మీద పెట్టినట్టయితది. చలికాలంల గూడ చెమటలు. ఉత్తగనే ఏడుపొస్తది, గొర్ల మీద కోపమొస్తది. గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చుకున్న. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. వచ్చేటప్పుడు ఏమైతదో నువ్వు చెప్తవంట గద. పోయేటప్పుడు ఏమైతదో గది గూడ నీ సదువుల ఉంటదా బిడ్డా?"

ప్రమీల వరస పెట్టుకున్న జవాబులన్నీ ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. ఆమె కింద కూర్చుని లక్ష్మీనర్సమ్మ చేతులు పట్టుకుంది.

"ఉంటుందమ్మా. దానికీ పేరుంది. ఈ వయసులో అందరికీ వచ్చే మార్పే. గాలీ ధూళీ కాదు."

అరగంట చెప్పింది. ఒంట్లో ఏం జరుగుతుందో, ఏం తినాలో, దేనికి డాక్టర్‌ను చూడాలో చెప్పింది. "సోమవారం సూర్యాపేట రండి. నేనే పక్కనుండి చూపిస్తాను" అంది.

లక్ష్మీనర్సమ్మ పెద్ద నిట్టూర్పు విడిచింది. "మా సంగీతప్పుడు నువ్వుంటే, దాని సదువు ఖరాబు చేయకపోదును" అంది.

బయటికి వచ్చేసరికి ముగ్గురూ తలుపు వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. పరశురాములు ముఖంలో అనుమానం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"గింతసేపు ఏం ముచ్చట పెట్టిన్రు?"

"నీకెందుకు? ఆడోల్ల ముచ్చట" అంది లక్ష్మీనర్సమ్మ. తర్వాత కృష్ణమ్మ వైపు తిరిగింది. "వదినా, పిల్ల నాకు నచ్చింది. పెండ్లి గుడిలనో, మీ చర్చిలనో, రిజిస్ట్రాఫీసులనో మీ ఇష్టం. నాది ఒక్కటే షరతు."

కృష్ణమ్మ కళ్లు చికిలించింది. షరతు అనే మాట ఆ ఇంట్లో అంతకు ముందొకసారి వినిపించింది.

"పిల్ల ఆ పని మానొద్దు. మా ఊరి బడికి గూడ రావాలె."

కృష్ణమ్మ లోపలికి వెళ్లి, ఈసారి చక్కెర దండిగా వేసి మళ్లీ చాయ్ పెట్టింది. పెడుతూ పెడుతూ ఆమె నవ్వడం ప్రమీల కిటికీలోంచి చూసింది.

పెద్దవాళ్లు పెళ్లి ఎప్పుడనే మాటల్లో పడ్డాక నగేష్ వాకిట్లోకి వచ్చాడు. మెట్ల మీద ప్రమీల కూర్చుని ఉంది. చిన్న చినుకులు మొదలయ్యాయి.

"మా అమ్మ ఏమడిగింది?"

"చెప్పను."

"నా చిన్నప్పటి ముచ్చట్లేమన్న చెప్పిందా? మేకను చూసి ఉరికిన సంగతి చెప్పిందా?"

"అది చెప్పలేదు. ఇప్పుడు మీరే చెప్పారు."

నగేష్ నాలుక కరుచుకున్నాడు. "మరేం చెప్పింది? జర చెప్పుండ్రి మేడమ్, పానం ఆగుత లేదు."

"నా దగ్గర ఎవరైనా చెప్పుకున్న మాట నేను ఇంకొకరికి చెప్పను. మొగుడికైనా సరే."

ఆ చివరి మాట అతనికి అందేసరికి ఒక క్షణం పట్టింది. అందాక ముఖమంతా వెలిగిపోయింది.

ప్రమీల చేయి చాపి చినుకులు పట్టుకుంది. అతని వైపు తిరిగి, ఇన్ని రోజులూ కళ్లలో దాచిపెట్టిన నవ్వు బయటికి రానిచ్చింది.

"నగేష్ గారూ, నాకు మీరంటే చాలా ఇష్టం" అంది. "ఇది మాత్రం మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు."